అయిపోయినట్టే

కరీంనగర్ నుంచి బ్రెమెన్‌కు మాస్టర్స్ చదవడానికి వచ్చిన నిహారిక అనే అమ్మాయి ఒక పాత కారు కొనుక్కుంది. మొదటి చలికాలంలో కారు ముందు అద్దం మీద మంచు గడ్డ కడితే, కెటిల్ నిండా వేడినీళ్ళు తెచ్చి పోసింది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, అద్దం ఫట్‌మన్నది. ఈ మూలకెంచి ఆ మూలకు గీత వడ్డది. గిట్లెందుకైతది?"

"చలికి బిగుసుకున్న అద్దం మీద వేడినీళ్ళు పోస్తే పగలక నవ్వుతుందా అమ్మా?"

"మరి ముందుగాల చెప్పాలె గద! క్లాసుల థర్మోడైనమిక్స్ అంత చెప్పిన్రు గని గిదొక్కటి చెప్పలే."

వాళ్ళ ఊరి నుంచి ఇద్దరు ఇక్కడ కార్ల వర్క్‌షాపులో పని నేర్చుకునే ఆస్‌బిల్డుంగ్‌కు వస్తున్నారట. "ఇన్నేండ్లు మీరేం జేసిన్రో రాసియ్యరాదుండ్రి అంకుల్, వాళ్ళకు అక్కెరకొస్తది" అని అడిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు ఏ సంవత్సరం ఏ సర్టిఫికెట్ వచ్చిందో ఇందులో ఉండదు. అవి గోడకు వేలాడుతున్నాయి, వాటిని చూసి ఏ ఇంజినూ స్టార్ట్ కాలేదు. ఒక మనిషి గురించి, ఒక మాట గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. మిగతా పని ఎవరైనా నేర్పుతారు.

కంచె దగ్గర నిలబడ్డ మనిషి

నా పేరు రత్నరాజు. మాది బాపట్ల దగ్గర పల్లె. విజయవాడ లారీ షెడ్లలో ఏడేళ్ళు పనిచేశాను. నా భార్య సుశీల గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సు చదివి జర్మనీకి వచ్చింది. పెళ్ళయ్యాక ఆమె వెనకాల నేనూ వచ్చాను. ఆ రోజుల్లో ఇలా వచ్చిన భర్తలకు చాలాకాలం పని చేసే అనుమతి ఉండేది కాదు. ఆమె డ్యూటీకి వెళ్ళేది. నేను వంట చేసి, గిన్నెలు తోమి, ఊరంతా కాలినడకన తిరిగేవాణ్ని. లారీ ఇంజినును ఒంటిచేత్తో విప్పిన మనిషిని, ఇక్కడ బంగాళాదుంపలు చెక్కుతున్నానే అని లోపల మండిపోయేది.

ఊరి బయట ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. రోజూ దాని కంచె పట్టుకుని నిలబడేవాణ్ని. చూడటానికి కాదు, వాసనకు. డీజిలు, గ్రీజు, కాలిన రబ్బరు. దేశం మారినా ఆ వాసన మారలేదు.

ఒకరోజు లోపలి నుంచి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. ఆయన గెర్డ్. ఈ పనిలో పరీక్షలన్నీ దాటి, ఇంకొకరికి నేర్పే హక్కు సంపాదించినవాణ్ని ఇక్కడ మైస్టర్ అంటారు. ఆ షెడ్డుకు ఆయన మైస్టర్. అప్పటికి నాకు జర్మన్ సగమే అర్థమయ్యేది.

"నెల నుంచి చూస్తున్నావు. నువ్వు చూస్తే మోటారు బాగుపడదు. అనుమతి వచ్చిన రోజున లోపలికి రా" అన్నాడు.

ఏడాదిన్నర తర్వాత అనుమతి వచ్చింది. కాగితం పట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్ళాను. ఆయన కాగితం చూడలేదు. నా చేతులు తిప్పి చూసి, "సరే" అన్నాడు.

ఫెర్టిగ్

మొదటి వారంలో ఒక కారుకు చక్రాలు మార్చాను. నట్లు బిగించాను. టార్క్ చూసే పానా వేరే అతని దగ్గర ఉంది, వచ్చాక ఒక తిప్పు తిప్పితే సరిపోతుంది. ఈలోగా మైస్టర్ వచ్చి, "ఫెర్టిగ్?" అని అడిగాడు. పూర్తయిందా అని.

"ఫెర్టిగ్" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నా బుర్రలో ఉన్న తెలుగు మాట ‘అయిపోయినట్టే’. విజయవాడలో లారీ ఓనరు, "ఏరా, అయిందా?" అంటే, "అయిపోయినట్టేనండీ" అనేవాళ్ళం. అలా అన్నాక ఇంకో రెండు గంటలు పట్టేది. ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ ‘ట్టే’లో ఒక టీ తాగొచ్చు, ఒక భోజనం చెయ్యొచ్చు, పోయిన నట్టు వెతుక్కోవచ్చు. జర్మన్లోకి మార్చేసరికి ఆ ‘ట్టే’ ఊడిపోయింది, ‘ఫెర్టిగ్’ ఒక్కటే మిగిలింది.

మైస్టర్ తాళం తీసుకుని కారెక్కాడు. గేటు వరకు పోనిచ్చి, దిగి, పానాతో నట్లు పట్టి చూశాడు. రెండు తిరిగాయి. నన్ను తిట్టలేదు. అందరినీ పిలిచాడు.

"రాజు ఫెర్టిగ్ అన్నాడు. ఈ కారులో రేపు ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటుంది. రాజు, మీ భాషలో ఏమనుకుని ఈ మాటన్నావు?"

సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన నోరు తిరగక మూడుసార్లు అన్నాడు: "ఐపోయినాట్టె. ఐపోయినాట్టె." అర్థం వివరించాను. పడిపడి నవ్వాడు.

"ఇలాంటిది మాకూ ఉందోయ్. అన్నం బల్ల దగ్గర వాడుకుంటాం. షెడ్డులో కాదు."

ఆ రోజు నుంచి ఆ షెడ్డులో అది ఒక తిట్టు అయిపోయింది. పుట్టు జర్మన్లను కూడా నిలదీసేవాడు: "ఇది ఫెర్టిగ్ అయిందా, ఐపోయినాట్టె అయిందా?" బ్రెమెన్ శివార్లలో ఒక తెలుగు మాట పాతికేళ్ళు అలా బతికింది. నాకు తప్ప ఎవరికీ అది ఏ భాషో గుర్తులేకుండా.

చెయ్యి వెయ్యడం

ఇప్పుడు కారుకు కంప్యూటర్ తగిలిస్తే తప్పులన్నీ వరసగా చూపిస్తుంది. వాడండి. నేనూ వాడాను. కానీ కంప్యూటర్ తనను అడిగినదానికే జవాబు చెబుతుంది. మైస్టర్ నేర్పిన పని వేరు. ఏ ఇంజిను అయినా సరే, గ్లవ్ తీసి ఉత్త అరచెయ్యి వెయ్యమనేవాడు. పిల్లవాడికి జ్వరం చూసినట్టు. ఒక పక్క వేడిగా, ఇంకో పక్క చల్లగా ఉంటే లోపల గాలి ఇరుక్కుంది. పైపు గట్టిగా ఉబ్బితే ఒక జబ్బు, మెత్తగా ఉంటే ఇంకొకటి.

"గ్లవ్ వేసుకున్న చేతికి నువ్వు వినాలనుకున్నదే వినపడుతుంది" అనేవాడు.

ఇంకో నియమం కూడా ఉండేది. వేడికీ చలికీ సంబంధించిన పని ఏది చేసినా ఆ రోజు ఫెర్టిగ్ అనకూడదు. బండి రాత్రంతా చల్లారాక, పొద్దున చెయ్యి వేసి చూసి అప్పుడనాలి. ఇప్పటి ఓనర్లు దీనికి ఒప్పుకోరు. నా చివరి పదేళ్ళు అలాంటి ఓనరు దగ్గరే చేశాను. నిమిషాలు లెక్కపెట్టే మనిషి, చెడ్డవాడు కాదు. తొందరపెట్టింది ఆయన అని చెప్పుకోవడానికి నాకు చాలాసార్లు వీలుండేది. నేను చెప్పబోయే రోజు మాత్రం పక్కన ఏ ఓనరూ లేడు.

బొటనవేలంత హీటర్

గెర్డ్ కుర్రతనంలో రెండు చలికాలాలు నార్వే ఉత్తరాన పనిచేశాడు. అక్కడి అలవాటు ఒకటి తెచ్చుకున్నాడు: ఇంజిన్ బ్లాక్ హీటర్. సిలిండర్లు ఉండే ఇనప దిమ్మ లోపల, ఇంజిను వేడిని లాక్కునే కూలెంట్ తిరిగే గదులుంటాయి. ఆ గదికి పక్కన మూతగా కొట్టిన గుండ్రటి బిళ్ళను తీసేసి, ఆ కన్నంలో బొటనవేలంత హీటర్ బిగిస్తారు. మన ఇళ్ళలో బకెట్లో పెట్టే నీళ్ళ హీటర్‌కు తమ్ముడనుకోండి. బయలుదేరడానికి మూడు గంటల ముందు కరెంటు అందేలా టైమర్ పెడితే, ఎంత చలిలోనైనా ఇంజిను ఒక్క తిప్పుకు అందుకుంటుంది. జర్మనీలో ఇది ఉన్న కార్లు అరుదు. గెర్డ్ పాత డీజిల్ కారు బంపర్ కింద వేలాడే వైరు చూసి అందరూ నవ్వేవాళ్ళు. "నా గుర్రానికి తోక ముందుంటుంది" అనేవాడు.

ఆయన రిటైరయ్యాక కూడా నెలకోసారి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ని. ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఇల్లు. ఆయన భార్య హన్నె చిక్కటి నల్ల టీ ఇచ్చేది. మా సుశీల ఆమెను హన్నమ్మగారు అనేది. గెర్డ్, నేను కారు బానెట్ ఎత్తి చెరో పక్క చేతులు వేసి నిలబడేవాళ్ళం. బాగుచెయ్యడానికేం ఉండేది కాదు. ఊరికే.

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. నా ఉద్యోగంలో నాకు మళ్ళీ కావాలనిపించేది ఆ ‘ఊరికే’ ఒక్కటే.

నేను పారబోసిన టీ

కరోనా రెండో చలికాలం. వర్క్‌షాపులో ఒకతనికి పాజిటివ్ వచ్చి షెడ్డు మూసేశారు. నేను అప్పటికే కుర్ట్స్‌ఆర్బైట్‌లో, అంటే సగం పని మీద ఇంట్లో ఉన్నాను. వసంతంలో రిటైర్మెంట్. ఫిబ్రవరిలో ఉత్తరాన ఎన్నేళ్ళకో పడ్డంత మంచు పడింది. బస్సులు ఆగిపోయాయి, రైళ్ళూ ఆగిపోయాయి.

గెర్డ్ ఆసుపత్రిలో ఉన్నాడు. జనవరి చివర్లో ఇద్దరికీ కరోనా వచ్చింది. హన్నెకు తగ్గింది, ఆయనకు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక మధ్యాహ్నం హన్నె ఫోన్ చేసింది.

"రాజు, రేపు ఉదయం ఆయనకు గొట్టం వేసి నిద్రపుచ్చుతారట. దానికి ముందు అరగంట చూడనిస్తారు. ఎనిమిదింటికి రమ్మని టెర్మిన్ ఇచ్చారు. ఒక్క మనిషికే. కారు స్టార్ట్ అవడం లేదు. ఆ హీటర్ ప్లగ్గు పెడితే ఇంట్లో కరెంటు పోతోంది."

"నేను వస్తున్నాను" అన్నాను. కొత్త హీటర్ ఒకటి నా డబ్బాలో ఉంది. గెర్డ్ కారుకని ఏడాది కిందట గెర్డే తెప్పించి నా దగ్గర పెట్టినది.

సుశీల గుమ్మం దగ్గర అడ్డుపడింది.

"ఏమండీ, వెళ్ళండి, వద్దనను. లోపలికి మాత్రం వెళ్ళొద్దు, ఆమెతో ఒకే కారులో కూర్చోవద్దు. ఆమె ఇచ్చింది ఏదీ ముట్టుకోవద్దు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో పనిచేసిన దాన్ని, నాకే భయంగా ఉంది. మీకు షుగరుంది."

"క్వారంటైన్ అయిపోయిందంట కదే ఆమెకి."

"అయిపోయిందో, అయిపోయినట్టేనో! మీ మాటే కదా అది."

వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. మైనస్ తొమ్మిది. గాలి చెవులు కోసేస్తోంది. హన్నె గుమ్మంలోనే నిలబడి, దూరం నుంచి చెయ్యి ఊపింది. నెలలో పదేళ్ళు మీద పడ్డట్టుంది. కారు కింద మంచు తవ్వి, అట్ట పరిచి దూరాను. కూలెంట్ దింపాను. పాత హీటర్ లాగితే సగం విరిగి వచ్చింది. కన్నం అంచు గీకి శుభ్రం చేశాను. చేతులకు రబ్బరు గ్లవ్స్, వాటి మీద ఉన్ని గ్లవ్స్, మొహానికి మాస్కు. ఊపిరి మాస్కులో గడ్డ కట్టి గెడ్డానికి గుచ్చుకుంటోంది. రెండుసార్లు రబ్బరు వాషరు మంచులో పడిపోయింది. మూడోసారికి హీటర్ సరిగ్గా కూర్చుంది.

ఆ పని బాగానే చేశాను. ఇప్పటికీ ఆ మాట అంటాను.

హన్నె ప్రహరీ గోడ మీద ఫ్లాస్కు, కప్పు పెట్టి పదడుగులు వెనక్కి వెళ్ళింది. "గెర్డ్ కప్పు. నీకు ఇందులోనే ఇవ్వమంటాడు" అంది. నేను టీ పోసుకున్నాను. ఆమె లోపలికి తిరగ్గానే గోడ పక్కన మంచులో పారబోశాను. ఖాళీ కప్పు గోడ మీద పెట్టాను.

తర్వాత కొత్త కూలెంట్ పోసి, నేను తెచ్చిన బూస్టర్ బ్యాటరీ తగిలించి ఇంజిను స్టార్ట్ చేశాను. ఇక్కడే అసలు సంగతి. కొత్తగా కూలెంట్ పోసినప్పుడు బ్లాకులో గాలి బుడగలు ఉండిపోతాయి. ఇంజిను బాగా వేడెక్కి, థర్మోస్టాట్ అనే మూత తెరుచుకుని, కూలెంట్ అంతా తిరిగితేనే ఆ గాలి పైకొస్తుంది. అంత చలిలో నిలబెట్టిన డీజిల్ ఇంజిను వేడెక్కాలంటే గంట పట్టొచ్చు. లేదా కారును పది కిలోమీటర్లు తిప్పాలి. తర్వాత చల్లారనిచ్చి, తగ్గినంత మళ్ళీ పోసి, అప్పుడు హీటర్‌కు కరెంటు పెట్టాలి. బకెట్లో నీళ్ళు లేకుండా స్విచ్ వేస్తే ఆ రాడ్డు ఏమవుతుందో మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. బ్లాకులో గాలి బుడగ మధ్య హీటర్ వెలిగినా అంతే.

నేను ఇరవై నిమిషాలు నడిపాను. లోపలి బ్లోయరు నుంచి గోరువెచ్చటి గాలి వచ్చింది. బానెట్ కింద గ్లవ్ వేసుకున్న చెయ్యి పెట్టాను. వెచ్చగానే అనిపించింది. అప్పటిదాకా తిరిగిన ఇంజిను వెచ్చగా ఉండక ఏమవుతుంది?

చలి వల్ల అలా చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. హన్నె దగ్గినప్పుడల్లా నేను ఒకడుగు వెనక్కి వేస్తున్నాను. ఆ వాకిట్లోంచి, ఆ ఇంటి గాలిలోంచి బయటపడాలని ఉంది. భయం. ముప్పై అయిదేళ్ళుగా నాకు అన్నం పెట్టిన ఇల్లు అది.

టైమర్ తెల్లవారి నాలుగింటికి పెట్టాను. హన్నె కిటికీ తెరిచింది.

"ఫెర్టిగ్?"

"రేపు ఐదున్నరకు వచ్చి చెయ్యి వేసి చూసి చెప్తాను" అనాలి. గెర్డ్ నేర్పినది అదే. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఫెర్టిగ్."

బూస్టర్ కూడా నా కారులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

పొద్దున

ఆరుంబావుకు ఫోన్ మోగింది. ఆమె గొంతు వినగానే నాకు తెలిసిపోయింది.

"రాజు, తిరగడం లేదు. ఒకసారి మూలిగి ఆగిపోయింది. టాక్సీ వాళ్ళు ఈ పొలాల్లోకి రామంటున్నారు."

మంచు తీయని రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. దారిలో ఒకసారి దిగి పారతో తవ్వుకోవాల్సి వచ్చింది. వెళ్ళేసరికి ఎనిమిదవుతోంది. హన్నె మంచి కోటు వేసుకుని, చేతిసంచి పట్టుకుని, ఆ చల్లటి కారులోనే కూర్చుని ఉంది. ఎక్కడికో వెళ్తున్నట్టే.

బానెట్ ఎత్తాను. గ్లవ్ తీసి ఉత్త చెయ్యి వేశాను. మైనస్ పదహారులో ఇనుము అరచేతిని పట్టేసింది. తీస్తుంటే చర్మం లాగింది. ఇంటి మెయిన్ దగ్గర స్విచ్ పడిపోయి ఉంది. హీటర్ ఎప్పుడో కాలిపోయింది.

"ఏమైంది?" అంది.

"సామాను నాసిరకం. లోపమున్నది వచ్చింది" అన్నాను.

ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ మాట ఎప్పటినుంచో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది.

ఆమెను నా కారులో ఎక్కించుకున్నాను. పెద్ద రోడ్డు ఎక్కేసరికి ఆసుపత్రి నుంచి ఫోన్. ఒక నర్సు తన ఫోన్ గెర్డ్ చెవి దగ్గర పెట్టింది. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి.

"వస్తున్నాం... కారు... లేదు, చల్లగా ఉంది, రాయిలాగా... అవును, రాజే... నిన్న... సరే. సరే, గెర్డ్... చెప్పను." ఒకచోట నవ్వింది. తర్వాత ఫోన్‌ను అలాగే చెవికి అదిమిపెట్టుకుని ఉంది. అటువైపు ఊపిరి వింటోందని తర్వాత అర్థమైంది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"రోడ్డు చూసి నడుపు" అంది.

ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే ఆయన్ను నిద్రపుచ్చేశారు. లోపలికి వెళ్ళే వీలు లేదన్న నర్సు కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె తప్పేమీ లేదు.

గెర్డ్ మళ్ళీ లేవలేదు. మూడు వారాలకు పోయాడు. సమాధి దగ్గర కొద్దిమందికే అనుమతి. నేను శ్మశానం కంచె పట్టుకుని బయట నిలబడ్డాను. మా పరిచయం మొదలైందీ కంచె దగ్గరే. ఈసారి లోపలి నుంచి ఎవరూ వచ్చి రమ్మనలేదు.

మొదటి మంచు

ఏప్రిల్లో రిటైరయ్యాను. వీడ్కోలుకు వర్క్‌షాపు వాకిట్లో, మాస్కుల్లో, దూరదూరంగా నిలబడి చప్పట్లు కొట్టారు. "రాజు చేతిలోంచి వెళ్ళిన బండి తిరిగి రాలేదు" అన్నాడు ఓనరు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

వేసవంతా హన్నె ఇంటికి వెళ్ళలేదు. కూరగాయలు, కేకు సుశీల వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఒకరోజు వచ్చి అంది:

"ఆ కారు అక్కడే ఉందండీ. గడ్డి మొలిచింది చక్రాల చుట్టూ. ఎవరినైనా పిలిచి చేయించుకోండి హన్నమ్మగారూ అంటే, వద్దు, ఎవరూ ముట్టుకోకూడదంటది. ఏంటో మరి."

సుశీల నా మొహంలోకి చూసింది.

"మీకు తెలుసు కదూ ఏంటో?"

ఆ రోజు సుశీలకు చెప్పాను. అంతా వింటూ చీర కొంగు మడతలు పెట్టింది. "భయపెట్టి పంపింది నేనే కదండీ" అంది. కాదన్నాను. ఆమె దూరంగా ఉండమంది, అంతే. ఫెర్టిగ్ అనమని చెప్పలేదు. అబద్ధం ఆడమని అసలే చెప్పలేదు.

నవంబరులో మొదటి మంచు పడిన రోజు డబ్బా సర్దుకుని వెళ్ళాను. హన్నె తలుపు తీసింది. కూర్చోమనకముందే చెప్పేశాను. గాలి తీయలేదు, చల్లారాక చూడలేదు, సామానులో లోపం లేదు, లోపం నాది. మీ అరగంట పోగొట్టింది నేను.

ఆమె పొయ్యి మీద కెటిల్ పెట్టింది. నాకు వీపు చేసే మాట్లాడింది.

"ఆ రోజు గోడ పక్కన మంచులో గోధుమరంగు కన్నం ఒకటి చూశాను, రాజు. ముందు అది చెబుతావనుకున్నాను."

నేను కిటికీలోంచి ఆ గోడ వైపు చూశాను.

"కారులో గెర్డ్ ఏమన్నాడని అడిగావు కదూ. మోటారు రాయిలా ఉందని చెప్పాను. నిన్న చేసింది రాజే అన్నాను. నవ్వాడు. నవ్వితే ఊపిరి అందలేదు. ఒక మాట అన్నాడు, అది మా భాష కాదు. ఐపోయినాట్టె."

కెటిల్ కూత పెడుతోంది. ఇద్దరం దాన్ని దించలేదు.

"వాడికి ఏమీ చెప్పకు, వాడే వచ్చి చెప్తాడు, అప్పటిదాకా బండిని ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు అన్నాడు. వారమో పది రోజులో అనుకున్నాను." ఆమె అప్పుడు ఇటు తిరిగింది. "తొమ్మిది నెలలు, రాజు. ఆ కారు లేకుండా సమాధి దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్తున్నాను."

పని నేర్చుకోవడానికి వస్తున్న పిల్లలకు ఇదొక్కటే చెప్పాలి. తప్పు చెయ్యనివాడు మా షెడ్డులో ఎవడూ లేడు. గెర్డ్ కూడా ఒకసారి నూనె పొయ్యకుండా ఇంజిను స్టార్ట్ చేశాడు, మరు నిమిషంలో అందరినీ పిలిచి చూపించాడు. నా తప్పుకు ఇరవై నిమిషాలు పట్టింది. దాన్ని దాచడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆమె క్షమించిందా అని నన్ను అడగకండి. నేను ఆమెను అడగలేదు.

గెర్డ్ కప్పులో టీ ఇచ్చింది. తాగాను.

ఆ రోజు కొత్త హీటర్ వేశాను. కారును పొలాల చుట్టూ పదిహేను కిలోమీటర్లు తిప్పాను, బుడగలన్నీ పైకి వచ్చేదాకా. చల్లారనిచ్చి, తగ్గినంత పోశాను. సాయంత్రం హన్నె కిటికీ తెరిచి అడిగింది, "ఫెర్టిగ్?" అని.

"రేపు పొద్దున చెప్తాను" అన్నాను.

ఐదున్నరకు వెళ్ళాను. మైనస్ నాలుగు. హన్నె కోటు తగిలించుకుని వాకిట్లోకి వచ్చింది. గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుని బానెట్ ఎత్తాను. అరచెయ్యి వేశాను. ఇటు వెచ్చగా ఉంది. చెయ్యి చాచి అటు వేశాను. అటూ అంతే వెచ్చగా ఉంది, నిద్రపోతున్న పిల్లవాడి వీపులాగా. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. ఎదురుగా, ఆయన నిలబడే చోట హన్నె నిలబడి, తనూ చెయ్యి వేసింది.

"అయిపోయింది" అన్నాను. తెలుగులోనే వచ్చింది.

హన్నె ఒక క్షణం విన్నది.

"గెర్డ్ అనేది ఇంకా పొడుగుండేది" అంది. "చివర ఏదో ఉండేది."

"ఉండేది" అన్నాను.